ప్రమాదమని తెలిసీ ఎందుకు? ఆస్పత్రి సిబ్బంది చేతుల్లో సూది, రక్తం

రక్తం ద్వారా ఏయే జబ్బులు వస్తాయో ఆస్పత్రిలో పనిచేసేవాళ్లకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నర్సింగ్ మొదటి సంవత్సరంలోనే ఆ పాఠం ఉంటుంది. వార్డు గోడల మీద పోస్టర్లు ఉంటాయి. అయినా వాడిన సూదికి రెండు చేతులతో మళ్లీ మూత పెట్టేవాళ్లు ఉన్నారు. గ్లవుజు లేకుండా రక్తం తీసేవాళ్లు, నరం దొరకడం లేదని గ్లవుజు వేలి కొనని కత్తిరించేసేవాళ్లు ఉన్నారు. సూది గుచ్చుకుంటే కుళాయి కింద వేలు కడిగేసుకుని, ఎవరికీ చెప్పకుండా పక్క బెడ్‌కి వెళ్లిపోయేవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. ఎందుకిలా?

దీనికి అందరూ ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది: నిర్లక్ష్యం. మేనేజ్‌మెంట్లు అదే అంటాయి, సీనియర్లు అదే అంటారు, చివరికి గుచ్చుకున్న మనిషి కూడా "నా అజాగ్రత్త వల్లే" అనుకుంటుంది. కానీ దశాబ్దాలుగా జరిగిన పరిశీలనలు వేరే మాట చెబుతున్నాయి. మనిషి తప్పు కొంత ఉండొచ్చు. అసలు కారణం చాలావరకు పని ఏర్పాటులోనే ఉంది. ఈ తేడా అర్థం కావడం మన కుటుంబాలకి చాలా అవసరం. మన ఇళ్లలో జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివే ఆడపిల్లల్నీ, డయాలసిస్ యూనిట్లలో, ఆపరేషన్ థియేటర్లలో పనిచేసే అబ్బాయిల్నీ తరచూ చూస్తూనే ఉన్నాం. వాళ్లలో చాలామంది చూపు గల్ఫ్ మీద ఉంటుంది. ఒక్క సూదిపోటు ఆ దారి మొత్తాన్ని మూసేయగలదు.

ప్రమాదం నిజంగా ఎంత?

వాడిన సూది గుచ్చుకోగానే అందరికీ ముందు గుర్తొచ్చేది హెచ్‌ఐవి. లెక్క చూస్తే హెచ్‌ఐవి ఉన్న రోగి రక్తంతో సూది గుచ్చుకుంటే సోకే అవకాశం దాదాపు 0.3 శాతం, అంటే వెయ్యి మందిలో ముగ్గురికి. హెపటైటిస్ సి అయితే నూటికి రెండు లోపే. హెపటైటిస్ బి సంగతి వేరు. టీకా వేసుకోని మనిషికి, రోగి రక్తంలో వైరస్ ఎంత చురుగ్గా ఉందన్నదాన్ని బట్టి, నూటికి 6 నుంచి 30 దాకా సోకే అవకాశం ఉంది. ఎండిపోయిన రక్తంలో కూడా ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతికుంటుంది.

అంటే ఎక్కువ భయం దేని గురించో, ఎక్కువ ప్రమాదం దానివల్ల లేదు. హెచ్‌ఐవి పేరు వింటే వణికే సిబ్బందిలోనే హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తి చేయనివాళ్లు కనిపిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022 నాటికి మన దేశంలో హెపటైటిస్ బి ఉన్నవాళ్లు సుమారు 2.98 కోట్ల మంది, హెపటైటిస్ సి ఉన్నవాళ్లు సుమారు 55 లక్షల మంది. వాళ్లలో ఎక్కువమందికి తమకి ఆ జబ్బు ఉందన్న సంగతే తెలియదు. మరి రోగికే తెలియనిది నర్సుకి ఎలా తెలుస్తుంది?

ఇది ఎంత పెద్ద సమస్యో చెప్పడానికి మరో లెక్క ఉంది. ప్రపంచంలో ఉన్న మూడున్నర కోట్ల మంది ఆరోగ్య సిబ్బందిలో ఏటా దాదాపు 20 లక్షల మంది సూదులు, పదునైన పరికరాల వల్ల రోగుల రక్తానికి గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లోనే అంచనా వేసింది. సిబ్బందికి వచ్చే హెపటైటిస్ బి, సి కేసుల్లో మూడో వంతుకు పైగా ఇలా పనిలో వచ్చినవేనని కూడా చెప్పింది.

తెలియకపోవడమే కారణం అయితే

అవగాహన లేకే ఇదంతా జరుగుతోందని అనుకునేవాళ్లు డాక్టర్ అనీరు కాంటే గారి గురించి తెలుసుకోవాలి. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశంలో లాసా జ్వరం అనే ప్రాణాంతక వ్యాధి ఉంది. రోగి రక్తం, శరీర ద్రవాల ద్వారా అది సిబ్బందికి సోకుతుంది. ఆ వ్యాధి చికిత్సలో ప్రపంచంలోనే పేరున్న డాక్టర్ల లో ఆయన ఒకరు. రెండు దశాబ్దాలకు పైగా అదే పని చేశారు. కెనెమా పట్టణంలోని ప్రభుత్వ ఆస్పత్రిలో, అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో కూడా, లాసా వార్డుని నడిపారు. ఎంతోమంది నర్సులకి జాగ్రత్తలు నేర్పారు. 2004లో ఒక రోగికి చికిత్స చేస్తుండగా ఆయనకే సూది గుచ్చుకుంది. ఆ ఏడాది ఏప్రిల్ 4న అదే లాసా జ్వరంతో చనిపోయారు.

ఆయన తర్వాత ఆ వార్డు బాధ్యత తీసుకున్నది డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ గారు. 2014లో ఎబోలా వచ్చినప్పుడు ఆ దేశంలో ముందు వరుసలో నిలబడింది ఆయనే. జాగ్రత్త విషయంలో ఆయన ఎంతో గట్టి మనిషి. జూలై 29, 2014న ఆయన కూడా ఎబోలాతోనే కన్నుమూశారు. ఆ ఆస్పత్రిలో నర్సులు కూడా చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు.

వీళ్లకి తెలియనిది ఏముంది? ఏమీ లేదు. రోగులు ఆగకుండా వస్తున్నప్పుడు, చేతులు తక్కువైనప్పుడు, అలసిపోయినప్పుడు తెలివి ఒక్కటే మనిషిని కాపాడలేదు.

క్షణాల్లో జరిగే లెక్క

మధ్యాహ్నం షిఫ్ట్‌లో ముప్పై, నలభై బెడ్లకి ఇద్దరు నర్సులు ఉన్న వార్డుని ఊహించుకోండి. సూదులు వేయాలి, సెలైన్ మార్చాలి, కేస్ షీటు రాయాలి, అటెండర్ల ప్రశ్నలకి జవాబు చెప్పాలి. సూది వేశాక దాన్ని పారేయాల్సిన తెల్ల డబ్బా వార్డు చివర ఉంది. చేతిలో ట్రే ఉంది. పక్క బెడ్ మీద పేషెంట్‌కి వాంతులు అవుతున్నాయి. తెరిచి ఉన్న సూది ట్రేలో పెట్టుకుని నడవడం కూడా ప్రమాదమే కాబట్టి ఆమె దానికి మూత పెట్టేస్తుంది. ఆ క్షణంలో ఆమెకి అదే జాగ్రత్తగా అనిపిస్తుంది. సూదిపోట్లలో చాలా భాగం ఇలా మూత పెట్టేటప్పుడు, పారేసేటప్పుడు జరిగేవే.

ఇంకో సంగతి: అజాగ్రత్తకి శిక్ష వెంటనే పడదు. మూత పెట్టిన వందసార్లలో తొంభైతొమ్మిది సార్లు ఏమీ జరగదు. ఏమీ జరగని ప్రతిసారీ "ఇలా చేసినా ఫర్వాలేదు" అని చేతికి అలవాటైపోతుంది. మరోవైపు జాగ్రత్తగా ఉంటే ఖర్చు ఇప్పుడే పడుతుంది. గ్లవుజు వేసుకోవడానికి టైం కావాలి, డబ్బా దాకా నడవాలి, "ఇంత లేటా?" అని మాట పడాలి. పైన ఆపద, కింద పని ఒత్తిడి ఉన్నప్పుడు మనిషి కళ్ల ముందున్నదానికే తలొంచుతాడు. డ్రైవర్ సీటు బెల్టు పెట్టుకోకపోవడానికి, బిల్డింగ్ కూలీ తాడు కట్టుకోకపోవడానికి కూడా ఇదే కారణం.

జాలి కూడా ఒక కారణమే. కాన్పులో తల్లికి ఆగకుండా రక్తం పోతున్నప్పుడు, యాక్సిడెంట్ కేసు స్ట్రెచర్ మీద వచ్చినప్పుడు, గ్లవుజుల ప్యాకెట్ కోసం వెతికే ఆగడం చాలామందికి మనసొప్పదు. ముందు చేయి అడ్డం పెడతారు, తర్వాత ఆలోచిస్తారు. ఈ గుణాన్నే సమాజం మెచ్చుకుంటుంది. కానీ గ్లవుజుల పెట్టె చేతికి అందేచోట ఉంటే ఆ తల్లినీ కాపాడొచ్చు, తననీ కాపాడుకోవచ్చు. ఆ పెట్టె ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది నర్సు కాదు.

సిబ్బంది సంఖ్యకీ సూదిపోట్లకీ సంబంధం ఉందని అమెరికాలో నర్సుల మీద జరిగి 2002లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. సిబ్బంది తక్కువగా ఉండి, పని వాతావరణం బాగాలేని వార్డుల్లో నర్సులకి సూదిపోట్లు, తృటిలో తప్పిన పోట్లు, మిగతా వార్డులతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉన్నాయి. ఒకే చదువు చదివిన నర్సులు. మారింది వార్డు మాత్రమే.

"ఈ పేషెంట్‌కి ఏం ఉండదులే"

జాగ్రత్త తీసుకునేవాళ్లలో కూడా చాలామంది మనిషిని బట్టి తీసుకుంటారు. కేస్ షీటు మీద హెచ్‌ఐవి అని ఉంటే రెండు జతల గ్లవుజులు. పెద్దింటివాళ్లు, ముసలామె, చిన్నపిల్లాడు, తెలిసినవాళ్లు అయితే ఖాళీ చేతులు. ముఖం చూసి రక్తాన్ని అంచనా వేయడం ఇది.

ఈ పద్ధతి తప్పని 1980ల్లోనే తేలిపోయింది. హెచ్‌ఐవి వచ్చిన కొత్తలో, ఎవరి రక్తమైనా ప్రమాదకరమే అనుకుని అందరి దగ్గరా ఒకే రకం జాగ్రత్త తీసుకోవాలని అమెరికా ఆరోగ్య అధికారులు నియమం పెట్టారు. తర్వాత ప్రపంచమంతా అదే పాటిస్తోంది. దీనివల్ల రెండు లాభాలున్నాయి. జబ్బు ఉన్నా బయటపడని రోగి నుంచి సిబ్బందికి రక్షణ దొరుకుతుంది. జబ్బు ఉన్న రోగికి అవమానం తప్పుతుంది. మంచానికి ప్రత్యేకంగా బోర్డు తగిలించడం, ఆపరేషన్ వాయిదా వేయడం, అందరి ముందూ "ఆ కేసు" అని పిలవడం అన్నీ ముఖం చూసి జాగ్రత్తపడే అలవాటులోంచి వచ్చినవే.

గుచ్చుకున్నాక మౌనం

అసలు నష్టం చాలాసార్లు సూది గుచ్చుకున్నప్పుడు కాదు, ఆ తర్వాతి మౌనంలో జరుగుతుంది. అమెరికాలోని 17 ఆస్పత్రుల్లో సర్జరీ శిక్షణలో ఉన్న డాక్టర్లని అడిగి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. చివరి సంవత్సరానికి వచ్చేసరికి వాళ్లలో 99 శాతం మందికి కనీసం ఒక్కసారైనా సూది గుచ్చుకుంది. చివరిసారి గుచ్చుకున్నప్పుడు సగం మంది ఆ సంగతి ఎక్కడా రాయించలేదు. ఎందుకు రాయించలేదంటే ఎక్కువమంది చెప్పిన జవాబు: టైం లేదు. ఎందుకు గుచ్చుకుందంటే ఎక్కువమంది చెప్పిన జవాబు: హడావుడి.

చదువుకున్న డాక్టర్లే ఇలా ఉంటే, కాంట్రాక్టు మీద పనిచేసే నర్సు, ఔట్‌సోర్సింగ్ కంపెనీ పెట్టిన ఆయా, చెత్త మూటలు మోసే పారిశుద్ధ్య కార్మికుడు ఏం చేస్తారు? చెబితే ముందు వచ్చే ప్రశ్న "నువ్వెందుకు చూసుకోలేదు?" అనే. తర్వాత పరీక్షల ఖర్చు ఎవరిదన్న గొడవ. ఆ తర్వాత కాంట్రాక్టు రెన్యువల్ అవుతుందా అన్న భయం. చెత్త ఎత్తే మనిషికి గుచ్చుకునే సూది ఇంకెవరో వాడి, డబ్బాలో వేయకుండా వదిలేసింది. ఏ రోగిదో తెలియదు. టీకా ఉందో లేదో అడిగేవాడు ఉండడు.

ఇక పెళ్లి కావాల్సిన ఆడపిల్ల అయితే మరో భయం. ఇంట్లో రిష్తా మాటలు నడుస్తుంటాయి. 28 రోజులు వాడాల్సిన మాత్రల డబ్బా మీద హెచ్‌ఐవి మందుల పేర్లు ఉంటాయి. అమ్మీ చూస్తే ఏమనుకుంటుంది, ఎవరైనా అత్తింటివాళ్లకి చెబితే ఏమవుతుంది అని ఆ పిల్ల మాత్రలు మొదలే పెట్టదు, లేదా వారానికే ఆపేస్తుంది. ఈ చోట ఆస్పత్రిది కాదు, ఇంటిదే బాధ్యత. ఆ మాత్రలు జబ్బు వచ్చిందని కాదు, రాకుండా వాడేవి. కుక్క కరిస్తే ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్లని రేబిస్ రోగి అని ఎవరూ అనరు కదా. ఇదీ అంతే.

తప్పు మనిషిదా, ఏర్పాటుదా?

ఈ ప్రశ్నకి అమెరికా అనుభవం స్పష్టమైన జవాబిచ్చింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో కారెన్ డేలీ అనే ఎమర్జెన్సీ నర్సుకి 1998లో వాడిన సూదులు వేసే డబ్బా దగ్గర సూది గుచ్చుకుంది. ఆమె ఇరవై ఏళ్లకు పైగా అనుభవం ఉన్న నర్సు. హెచ్‌ఐవి, హెపటైటిస్ సి రెండూ సోకాయి. ఆమె దాచుకోలేదు. చట్టసభ ముందుకి వెళ్లి సాక్ష్యం చెప్పింది. తర్వాత అమెరికా నర్సుల సంఘానికి అధ్యక్షురాలు కూడా అయింది. వాడగానే సూది మొన లోపలికి వెళ్లిపోయే, లేదా దానంతట అదే మూసుకుపోయే రక్షణ సూదులు అప్పటికే ఉన్నాయి. ఖరీదు ఎక్కువని చాలా ఆస్పత్రులు కొనలేదు.

ఆమెలాంటివాళ్ల పోరాటంతో 2000 నవంబర్‌లో సూదిపోట్ల నివారణ చట్టం వచ్చింది. రక్షణ ఉన్న సూదులు కొనడం ఆస్పత్రి బాధ్యత అని, ఏ రకం కొనాలో సిబ్బందినే అడగాలని, ప్రతి సూదిపోటునీ రిజిస్టర్‌లో రాయాలని చట్టం చెప్పింది. మరుసటి ఏడాదే ఆస్పత్రుల్లో సూదిపోట్లు సుమారు 38 శాతం తగ్గినట్టు తర్వాతి అధ్యయనంలో తేలింది. ఆ ఒక్క ఏడాదిలో నర్సులందరూ ఒక్కసారిగా జాగ్రత్తపరులు అయిపోలేదు. వాళ్ల చేతిలో ఉన్న సూది మారింది.

టీకా కథ కూడా ఇదే. హెపటైటిస్ బి టీకాని ఉచితంగా ఇవ్వాలని 1991లో అక్కడి కార్మిక శాఖ నియమం పెట్టింది. 1983 నుంచి 1995 మధ్య ఆరోగ్య సిబ్బందిలో కొత్త హెపటైటిస్ బి కేసులు 95 శాతం తగ్గిపోయాయి.

చవక సూది కొన్న లాభం ఆస్పత్రి ఖాతాలో పడుతుంది. జబ్బు వస్తే నష్టం సిబ్బంది ఇంట్లో పడుతుంది. ఈ లెక్క మారనంతవరకు పోస్టర్లు ఎన్ని అంటించినా ఫలితం తక్కువే.

మన చట్టాల్లో ఏముంది?

మన దగ్గర చట్టం లేదనుకుంటే పొరపాటు. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాల ప్రకారం వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి, ఏటా ఆరోగ్య పరీక్ష చేయించాలి, శిక్షణ ఇవ్వాలి. సూదులకి గుచ్చుకుపోని తెల్ల డబ్బా ఉండాలి. ఇది చిన్న క్లినిక్‌కి కూడా వర్తిస్తుంది. అయితే అదే నియమాల్లో "పెద్ద ప్రమాదం" అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోంచి సూదిపోటుని మినహాయించారు. జనానికి పెద్ద ఎత్తున హాని చేసే ప్రమాదాల కోసం రాసిన నిర్వచనం కాబట్టి అది సబబే కావచ్చు. కానీ ఆచరణలో సూదిపోటుని చిన్న విషయంగానే చూసే అలవాటు కొనసాగుతోంది.

2017లో వచ్చి 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. దాని 19వ సెక్షన్ ప్రకారం ఆరోగ్య సేవలందించే ప్రతి సంస్థా తన సిబ్బందికి రక్షణ సామగ్రి, దాన్ని వాడే శిక్షణ, రక్తానికి గురైతే నివారణ మందులు ఇవ్వాలి. ప్రభుత్వమైనా ప్రైవేటైనా ఇది తప్పనిసరి. 2018 జూలైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బందికి హెపటైటిస్ బి టీకా కూడా ఒక భాగం.

ఆస్పత్రి, ల్యాబ్ పనుల్లో సోకే అంటువ్యాధుల్ని నష్టపరిహారం దొరికే వృత్తి వ్యాధులుగా చట్టం గుర్తిస్తుంది. అంటే హక్కు ఉంది. కానీ హక్కు నిలబడాలంటే కాగితం కావాలి. గుచ్చుకున్న రోజే రిజిస్టర్‌లో రాయించి, అదే రోజు తన రక్తం పరీక్ష చేయించుకుని ఉంటే, అప్పటికి తనకి జబ్బు లేదని, తర్వాత వచ్చిందని రుజువవుతుంది. ఆ రోజు మౌనంగా ఉన్న మనిషికి ఆరు నెలల తర్వాత ఆ రుజువు ఎక్కడా దొరకదు.

గల్ఫ్ దారిలో

ఈ కాగితం విలువ గల్ఫ్ వెళ్లేవాళ్లకి మరీ ఎక్కువ. సౌదీ, కువైట్, ఖతార్ లాంటి దేశాల ఉద్యోగ వీసాకి ముందు మెడికల్‌లో హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి పరీక్షలు ఉంటాయి. అక్కడికి వెళ్లాక కూడా పరీక్షలు ఉంటాయి. పాజిటివ్ వస్తే అన్‌ఫిట్. అది ఆస్పత్రిలో డ్యూటీ చేస్తూ తెచ్చుకున్న జబ్బా, ఇంకోలా వచ్చిందా అని వీసా ఆఫీసు అడగదు.

నర్సింగ్ చదువుకి అప్పు చేసి, రెండేళ్ల అనుభవం కోసం చిన్న జీతానికి ప్రైవేటు నర్సింగ్ హోంలో చేరే పిల్లలు ఎక్కువ రిస్క్‌లో ఉన్నది సరిగ్గా ఆ రెండేళ్లలోనే. కొత్త చేతులు, ఎక్కువ నైట్ డ్యూటీలు, తక్కువ సామగ్రి, అడిగే ధైర్యం తక్కువ. అందుకే కోర్సులో చేరిన రోజే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టాలి. మొదటి డోసు, నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకి యాంటీబాడీ పరీక్ష చేయించుకుంటే టీకా పనిచేసిందో లేదో తెలుస్తుంది. ఆ రిపోర్టు సర్టిఫికెట్ల ఫైల్లోనే దాచుకోవాలి. కాలేజీ ఫీజుతో పోలిస్తే ఈ ఖర్చు చాలా చిన్నది.

గుచ్చుకుంటే ఏం చేయాలి?

సబ్బు, నీళ్లతో కడగాలి. వేలు పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, బ్లీచింగ్, స్పిరిట్ పోసి రుద్దకూడదు. కంట్లో రక్తం పడితే శుభ్రమైన నీళ్లతో బాగా కడగాలి. వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పి రాయించాలి. రోగి అనుమతితో రోగి రక్తం, తన రక్తం రెండూ పరీక్ష చేయించాలి.

హెచ్‌ఐవి అవకాశం ఉంటే నివారణ మాత్ర రెండు గంటల్లోపు వేసుకోవడం మంచిది. ఎంత ఆలస్యమైనా 72 గంటలు దాటకూడదు. కోర్సు 28 రోజులు. ఏఆర్‌టీ కేంద్రాలున్న ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ మందులు ఉచితం. రంజాన్‌లో రోజా ఉన్నా మొదటి మాత్రని ఇఫ్తార్ దాకా ఆపకూడదు. రోజా తర్వాత పెట్టుకోవచ్చు, ఆ గంటలు మళ్లీ రావు. హెపటైటిస్ బి టీకా లేనివాళ్లకి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా, వీలైతే 24 గంటల్లోపు, ఇస్తారు. హెపటైటిస్ సికి టీకా లేదు, ముందు జాగ్రత్త మందూ లేదు. కానీ సోకినట్టు తొందరగా తేలితే సుమారు మూడు నెలల మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. 6 వారాలకి, 3 నెలలకి, 6 నెలలకి మళ్లీ పరీక్షలు చేయించుకోవాలి. అవి పూర్తయ్యేదాకా రక్తదానం చేయకూడదు. భార్యాభర్తలు డాక్టర్ చెప్పిన జాగ్రత్త పాటించాలి.

పేషెంట్‌గా వెళ్లే మనం

సిబ్బంది రిస్క్‌లో మన వాటా కూడా కొంత ఉంది. మాత్రతో తగ్గే జ్వరానికి "సూది వేయండి, తొందరగా తగ్గుతుంది" అని అడిగేది మనమే. అవసరం లేని ప్రతి సూదీ ఒక నర్సు చేతికి, ఒక చెత్త ఎత్తే మనిషి చేతికి అవసరం లేని ప్రమాదం. గ్లవుజు వేసుకోవడానికి ఆగిన నర్సుని "ఇంకెంతసేపు?" అని తొందరపెట్టేది కూడా మనమే.

ఇంట్లో షుగర్ పేషెంట్ ఉంటే ఇన్సులిన్ సూదులు, షుగర్ చూసే చిన్న సూదులు మామూలు చెత్త కవర్లో వేస్తుంటారు. అవి మున్సిపాలిటీ కార్మికుల చేతుల్లో గుచ్చుకుంటాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, "సూదులు" అని రాసి, ఆస్పత్రిలోనో చెత్త బండిలో ప్రమాదకర చెత్త విభాగంలోనో విడిగా ఇవ్వాలి.

హిజామా చేసే చోట కూడా ఇవే నియమాలు వర్తిస్తాయి. అక్కడ కూడా బ్లేడు ఉంటుంది, రక్తం ఉంటుంది. ప్రతి మనిషికీ కొత్త బ్లేడు, కొత్త కప్పులు, చేసేవాళ్ల చేతికి గ్లవుజులు, బ్లేడు వేయడానికి గట్టి డబ్బా ఉన్నాయో లేదో చూసి కూర్చోవాలి. చేసేవాళ్లకి హెపటైటిస్ బి టీకా ఉందా అని అడగడం మర్యాద తప్పడం కాదు. ఇంట్లో మయ్యత్‌కి గుసుల్ ఇచ్చేటప్పుడు గ్లవుజులు వేసుకోవడం కూడా అంతే. చనిపోయినవారి మీద గౌరవం దానివల్ల ఏమీ తగ్గదు.

ఉద్యోగంలో చేరే మన పిల్లలు ఇంటర్వ్యూలో జీతం, డ్యూటీ టైం అడుగుతారు. దానితోపాటు ఇంకో మూడు ప్రశ్నలు అడగాలి: టీకా వేయిస్తారా, సూది గుచ్చుకుంటే మందులు ఏ టైంలోనైనా దొరుకుతాయా, రిజిస్టర్ ఎవరి దగ్గర ఉంటుంది? తల్లిదండ్రులు కూడా ఈ ప్రశ్నలు అడగొచ్చు. జవాబు చెప్పలేని ఆస్పత్రిలో రేపు ఏదైనా జరిగితే "నీ నిర్లక్ష్యం" అనే మాట ముందుగా వచ్చేది అక్కడే.